ప్రశాంత చంద్ర మహలనోబిస్

ప్రశాంత చంద్ర మహలనోబిస్ (జూన్ 29, 1893 - జూన్ 28, 1972) ప్రసిద్ధ భారతీయ సాంఖ్యక శాస్త్రవేత్త. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వ్యవస్థాపకుడు. మహలనోబిస్ దూరం అనే కొలమానాన్ని ప్రతిపాదించినవాడిగా, భారీ నమూనా సర్వేలకు ఆద్యుడిగా, భారతదేశపు రెండవ పంచవర్ష ప్రణాళిక రూపశిల్పిగా ఈయన పేరు పొందాడు. వృత్తిరీత్యా భౌతిక శాస్త్ర అధ్యాపకుడైన మహలనోబిస్ సాంఖ్యక శాస్త్రాన్ని ఏ కళాశాలలోనూ పాఠ్యవిషయంగా చదువుకోలేదు. దేశంలో ఆ శాస్త్రానికి విశ్వవిద్యాలయ విభాగాలు లేని కాలంలో పరిశోధకులకు, ప్రభుత్వోద్యోగులకు అందులో ఉన్నత శిక్షణ ఇచ్చే వ్యవస్థను ఆయన నిర్మించాడు. ఆ శిక్షణలో తయారైనవారిలో తెలుగువాడైన సి.ఆర్.రావు అగ్రగణ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

మహలనోబిస్ కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించాడు. తండ్రి ప్రబోధ్ చంద్ర, తల్లి నీరోదవాసిని. తాత గురుచరణ్ బ్రహ్మసమాజ ఉద్యమంలో పాల్గొని, ఆ రోజులలోనే వితంతువును వివాహమాడిన సంస్కర్త. ప్రఖ్యాత వైద్యుడు నీలరతన్ సర్కార్ మహలనోబిస్‌కు మేనమామ.

1908లో బ్రహ్మ బాలుర పాఠశాలలో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. అక్కడ జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ ఆయన గురువులు. మేఘనాథ్ సాహా, సుభాష్ చంద్రబోస్ అదే కళాశాలలో ఆయన తరువాతి తరగతుల విద్యార్థులు. 1912లో భౌతిక శాస్త్రంలో బి.ఎస్‌సి. ఆనర్స్ పట్టా పొంది, మరుసటి సంవత్సరం ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరాడు. అప్పుడు కేంబ్రిడ్జిలోనే ఉన్న గణిత మేధావి శ్రీనివాస రామానుజన్‌తో ఆయనకు స్నేహం కలిగింది. 1915లో భౌతిక శాస్త్రంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధన చేయడానికి ఏర్పాట్లు చేసుకుని, సెలవులకు స్వదేశానికి బయలుదేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం, ప్రెసిడెన్సీ కళాశాలలో లభించిన అధ్యాపక పదవి ఆయనను కలకత్తాలోనే నిలిపివేశాయి. ఆ కళాశాలలో సుమారు మూడు దశాబ్దాలు భౌతిక శాస్త్రం బోధించి, 1945 నుంచి 1948 వరకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు.

సాంఖ్యక శాస్త్రంతో పరిచయం

ఇంగ్లండు నుంచి బయలుదేరే ముందు కళాశాల ట్యూటరు మెకాలే ఆయనకు బయోమెట్రికా అనే పత్రికను చూపించాడు. కార్ల్ పియర్సన్ సంపాదకత్వంలో వెలువడుతున్న ఆ పత్రిక జీవశాస్త్ర సమస్యలకు గణిత పద్ధతులను అన్వయించేది. మహలనోబిస్ దాని పాత సంపుటాలన్నింటినీ కొని ఓడ ప్రయాణంలోనే చదవడం మొదలుపెట్టాడు. వాతావరణం, మానవ శాస్త్రం, వ్యవసాయం వంటి అనేక రంగాలలో ఈ పద్ధతులు ఉపయోగపడగలవని ఆయన గ్రహించాడు.

1917లో తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ కలకత్తా విశ్వవిద్యాలయ పరీక్షల మార్కులను విశ్లేషించే పనిని ఆయనకు అప్పగించాడు. 1920లో నాగపూరులో జరిగిన సైన్స్ కాంగ్రెసులో ప్రాణిశాస్త్ర సర్వేక్షణ సంస్థ సంచాలకుడు నెల్సన్ అన్నండేల్‌తో పరిచయమైంది. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలను అన్నండేల్ సేకరించి ఉంచాడు. వాటిని విశ్లేషించి మహలనోబిస్ రాసిన వ్యాసం 1922లో వెలువడింది. సాంఖ్యక శాస్త్రంలో ఆయన ప్రచురించిన తొలి పరిశోధన ఇదే. తరువాత కొంతకాలం లండనులో కార్ల్ పియర్సన్ ప్రయోగశాలలో పనిచేశాడు. వ్యవసాయ ప్రయోగాల ఫలితాలలోని దోషాలను గూర్చి చేసిన పరిశోధన ఆయనను ఆర్.ఎ.ఫిషర్‌కు సన్నిహితుడిని చేసింది. ఆ మైత్రి ఫిషర్ జీవితాంతం కొనసాగింది.

వాతావరణం, వరదలు

1922 నుంచి 1926 వరకు మహలనోబిస్ కళాశాల పనితో పాటు కలకత్తా వాతావరణ పరిశోధనాలయ బాధ్యతలు కూడా నిర్వహించాడు. 1922లో ఉత్తర బెంగాలులో పెద్ద వరద వచ్చింది. నీటిని నిలువరించే జలాశయాలు కట్టాలన్న ఆలోచన అప్పుడు ప్రభుత్వం ముందుకు వచ్చింది. సుమారు 50 సంవత్సరాల వర్షపాత వివరాలను పరిశీలించిన మహలనోబిస్, ఆ ప్రాంతానికి కావలసింది జలాశయాలు కావనీ, నీరు త్వరగా పారిపోయే మార్గాలనీ నిర్ధారించాడు.

1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి వరద వచ్చినప్పుడు, నది అడుగుభాగం పూడి ఎత్తు పెరిగిందనీ, కాబట్టి కట్టల ఎత్తు పెంచాలనీ ఇంజనీర్లు భావించారు. సుమారు 60 సంవత్సరాల గణాంకాల ఆధారంగా నది అడుగు పెరగలేదని మహలనోబిస్ చూపించాడు. కారణం ఎగువన కురిసిన అధిక వర్షమే కనుక ఎగువ ప్రాంతంలో ఆనకట్టలు కట్టాలని సూచించాడు. ఒరిస్సా నదులపై ఆయన చేసిన లెక్కలు తరువాతి కాలంలో మహానదిపై నిర్మించిన హీరాకుడ్ ప్రాజెక్టుకు తోడ్పడ్డాయి.

మహలనోబిస్ దూరం

అన్నండేల్ ఇచ్చిన కొలతల నుంచే ఒక ముఖ్యమైన ప్రశ్న పుట్టింది. రెండు మానవ సముదాయాల మధ్య పోలిక ఎంత, తేడా ఎంత అని ఒకే సంఖ్యతో చెప్పడం ఎలా? ఎత్తు ఒక్కటే కొలిచితే సమస్య తేలికైనది. రెండు సముదాయాల సగటు ఎత్తుల మధ్య భేదం 6 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కొక్క సముదాయం లోపల ప్రామాణిక విచలనం కూడా 6 సెంటీమీటర్లే అయితే ఆ భేదం 1 యూనిట్ మాత్రమే. ప్రామాణిక విచలనం 2 సెంటీమీటర్లు అయితే అదే భేదం 3 యూనిట్లవుతుంది. అంటే రెండవ సందర్భంలో సముదాయాలు మరింత స్పష్టంగా వేరుపడతాయి.

ఎత్తుతో పాటు చేతి పొడవు, కాలి పొడవు, తల వెడల్పు కూడా కొలిచినప్పుడు చిక్కు వస్తుంది. పొడవైన మనిషికి చేతులూ పొడవుగానే ఉంటాయి. ఈ రెండు కొలతలను విడివిడిగా లెక్కించి కూడితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కపెట్టినట్లవుతుంది. కొలతల మధ్య గల సహసంబంధాన్ని లెక్కలోకి తీసుకుని ఈ దోషాన్ని తొలగించే సూత్రాన్ని మహలనోబిస్ రూపొందించాడు. దీనిని డి-స్క్వేర్ అంటారు. 1920లలో ప్రారంభమైన ఈ ఆలోచనకు 1936లో ప్రచురించిన వ్యాసంలో పూర్తి రూపం వచ్చింది. మానవ శాస్త్రం కోసం పుట్టిన ఈ కొలమానం వృక్షజాతుల వర్గీకరణ, వ్యాధి నిర్ధారణ, కంప్యూటర్ల ద్వారా ఆకృతులను గుర్తించడం వంటి అనేక రంగాలకు వ్యాపించింది.

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపన

ప్రెసిడెన్సీ కళాశాల భౌతిక శాస్త్ర విభాగంలోని తన గదిలోనే మహలనోబిస్ కొద్దిమంది సహాయకులతో ఒక సాంఖ్యక ప్రయోగశాలను నడిపాడు. 1931 డిసెంబరు 17న ప్రమథనాథ్ బెనర్జీ, నిఖిల్ రంజన్ సేన్, ఆర్.ఎన్.ముఖర్జీ తదితరులతో జరిగిన సమావేశంలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను ఏర్పాటు చేయాలని నిర్ణయించారు. 1932 ఏప్రిల్ 28న లాభాపేక్ష లేని సంఘంగా అది రిజిస్టరు అయింది. మొదటి సంవత్సరం సంస్థ మొత్తం ఖర్చు 238 రూపాయలు మాత్రమే.

1933లో సంస్థ తరఫున సాంఖ్య అనే పరిశోధన పత్రిక ప్రారంభమైంది. సంఖ్య అనే అర్థమూ, సమ్యక్ జ్ఞానం అనే అర్థమూ స్ఫురించే ఈ పేరు ఆయన ఎంపికే. రాజ్ చంద్ర బోస్, సమరేంద్రనాథ్ రాయ్ వంటి గణితవేత్తలు తొలి సంవత్సరాలలోనే సంస్థలో చేరారు. వీరూ గణితం చదివి వచ్చినవారే. సాంఖ్యక శాస్త్రాన్ని ఇక్కడ పనిచేస్తూ నేర్చుకున్నారు.

పరిశోధకులకు శిక్షణ

1920లలో, 1930లలో దేశంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రాలలో విత్తనాలు, ఎరువులపై విస్తారంగా ప్రయోగాలు జరుగుతుండేవి. ఒక మడిలో పంట ఎక్కువ పండితే అది ఎరువు ఫలితమా, నేల సారమా, కేవలం యాదృచ్ఛికమా అని తేల్చే పద్ధతి చాలామంది పరిశోధకులకు తెలియదు. ఫిషర్ 1925లో పరిశోధకుల కోసమే సాంఖ్యక పద్ధతులపై ఒక గ్రంథం రచించాడు. అయితే అందులోని పద్ధతులను స్వయంగా అభ్యసించడం గణితం అంతగా చదవని వ్యవసాయ శాస్త్రవేత్తకు సులభం కాదు. ప్రయోగం ముగిసిన తరువాత లెక్కలు చేయడం కంటే, ప్రయోగం మొదలుపెట్టే ముందే మడులను ఎలా విభజించాలో నిర్ణయించడం ముఖ్యమన్నది ఆ పద్ధతులలోని కీలకాంశం. దీనిని పుస్తకం ద్వారా కంటే దగ్గర ఉండి నేర్పడమే మేలు.

మహలనోబిస్ ప్రయోగశాల ఈ అవసరాన్ని తీర్చింది. ప్రభుత్వ శాఖలు, పరిశోధన సంస్థలు పంపిన ఉద్యోగులు అక్కడ స్వల్పకాలిక శిక్షణ పొందేవారు. 1938లో సంస్థలో ప్రత్యేక శిక్షణ విభాగం ఏర్పడింది. అదే సంవత్సరం జనవరిలో కలకత్తాలో తొలి భారతీయ సాంఖ్యక శాస్త్ర సమావేశం ఫిషర్ అధ్యక్షతన జరిగింది.

ఈ శిక్షణలో ప్రత్యేకత దాని పద్ధతిలో ఉంది. ప్రయోగశాల లేకుండా భౌతిక శాస్త్రం బోధించలేనట్లే, నిజమైన గణాంకాలు లేకుండా సాంఖ్యక శాస్త్రం బోధించలేమని మహలనోబిస్ విశ్వసించాడు. పాఠాలు విన్న విద్యార్థులు సంస్థ చేపట్టిన సర్వేలలో, విశ్లేషణలలో పాల్గొనేవారు. కంప్యూటర్లు లేని ఆ కాలంలో చేతితో తిప్పే గణన యంత్రాలపై గంటల తరబడి లెక్కలు చేసేవారు. ఆ లెక్కలలో ఎదురైన చిక్కుల నుంచి కొత్త సిద్ధాంతాలు పుట్టేవి. ఉపాధ్యాయుడు, పరిశోధకుడు, సర్వే నిర్వాహకుడు వేర్వేరు వ్యక్తులు కానక్కరలేదన్నది సంస్థ సంప్రదాయమైంది.

1941లో కలకత్తా విశ్వవిద్యాలయం సాంఖ్యక శాస్త్రంలో ఎం.ఎ. తరగతులను ప్రారంభించి, మహలనోబిస్‌ను గౌరవ శాఖాధిపతిగా నియమించింది. సైన్స్ కాంగ్రెసులో కూడా ఈ శాస్త్రం 1942లో గణితంతో కలిసి, 1945లో స్వతంత్ర విభాగంగా స్థానం సంపాదించుకుంది.

సి.ఆర్.రావు

కల్యంపూడి రాధాకృష్ణారావు (1920-2023) హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకుని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎం.ఎ. పూర్తిచేశాడు. యుద్ధకాలంలో సైనిక సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళాడు. ఆ ఉద్యోగం లభించలేదు. అక్కడ పరిచయమైన ఒక శిక్షణార్థి ద్వారా మహలనోబిస్ సంస్థ గురించి తెలుసుకుని 1941 జనవరిలో శిక్షణలో చేరాడు. తరువాత కలకత్తా విశ్వవిద్యాలయపు తొలి ఎం.ఎ. బృందంలో చేరి 1943లో ప్రథముడిగా నిలిచి బంగారు పతకం పొందాడు.

సంయుక్త రాష్ట్రాలలో జరిగిన మానవ శరీర కొలతల సర్వే విశ్లేషణలో రావు పాలుపంచుకున్నాడు. 1945లో ఆయన ప్రచురించిన వ్యాసంలోని ఫలితాలు క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అనే పేర్లతో ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. సూడాన్‌లోని జెబెల్ మోయా వద్ద తవ్వకాలలో లభించిన అస్థిపంజరాల కొలతలను డి-స్క్వేర్ పద్ధతిలో విశ్లేషించడానికి కేంబ్రిడ్జి వారు సహాయం కోరినప్పుడు, 1946లో మహలనోబిస్ రావును అక్కడికి పంపాడు. ఆ పని చేస్తూనే రావు ఫిషర్ పర్యవేక్షణలో పిహెచ్.డి. పూర్తిచేశాడు. తిరిగి వచ్చిన తరువాత సంస్థలోని పరిశోధన, శిక్షణ విభాగానికి దీర్ఘకాలం నాయకత్వం వహించాడు. రావు వద్ద 1963లో డాక్టరేటు పొందిన ఎస్.ఆర్.శ్రీనివాస వరదన్‌కు 2007లో గణితంలో ఆబెల్ బహుమతి లభించింది.

నమూనా సర్వేలు

శాశ్వత శిస్తు అమలులో ఉన్న బెంగాలులో పంటల విస్తీర్ణాన్ని నమోదు చేసే గ్రామోద్యోగుల వ్యవస్థ లేదు. గ్రామ కావలివాళ్ళు చెప్పిన అంచనాలే ప్రభుత్వ లెక్కలుగా చెలామణి అయ్యేవి. 1930ల చివరలో జనపనార పంట విస్తీర్ణాన్ని నమూనా పద్ధతిలో అంచనా వేసే పనిని మహలనోబిస్ చేపట్టి, 1941 నాటికి బెంగాలు అంతటికీ విస్తరింపజేశాడు. కొద్ది చోట్ల మాత్రమే కొలిచి రాష్ట్రమంతటికీ లెక్క చెప్పడాన్ని చాలామంది నమ్మలేదు. కానీ ప్రతి పొలాన్నీ లెక్కించిన ప్రభుత్వ గణన కంటే నమూనా సర్వే అంచనాయే వాణిజ్య లెక్కలకు దగ్గరగా వచ్చింది. ఖర్చు కూడా అందులో చిన్న భాగమే. తక్కువ మందికి చక్కని శిక్షణ ఇచ్చి చేయించిన పని, శిక్షణ లేని వేలమంది చేసిన పూర్తి గణన కంటే నమ్మదగినదని దీని వలన తేలింది.

లెక్కించే మనుషుల వలన కూడా తప్పులు వస్తాయని గుర్తించడం మహలనోబిస్ విశిష్టత. అందుకోసం ఒకే ప్రాంతానికి రెండు స్వతంత్ర నమూనాలు తీసుకుని, రెండు వేర్వేరు బృందాల చేత పని చేయించేవాడు. రెండు ఫలితాల మధ్య తేడాయే సర్వే దోషానికి కొలబద్ద. ఏ బృందమూ రెండవ బృందం లెక్కలను చూసే వీలు లేదు కనుక నిర్లక్ష్యం తప్పక బయటపడేది. పెద్ద సర్వేకు ముందు చిన్న ప్రయోగాత్మక సర్వే జరిపే పద్ధతిని కూడా ఆయన ప్రచారంలోకి తెచ్చాడు.

పంట దిగుబడిని అంచనా వేయడానికి ఎంత వైశాల్యంలో పంట కోసి తూచాలనే విషయంలో ఆయనకూ పి.వి.సుఖాత్మేకూ తీవ్ర వాదోపవాదాలు జరిగాయి. మహలనోబిస్ చిన్న మడులను వాడగా, అంచుల వద్ద మొక్కలను అదనంగా చేర్చడం వలన చిన్న మడులలో దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని సుఖాత్మే వాదించాడు. 1943 బెంగాలు కరువు తరువాత గ్రామాల స్థితిగతులపై మహలనోబిస్ బృందం జరిపిన సర్వే ఆ విపత్తు తీవ్రతకు ముఖ్యమైన ఆధారంగా నిలిచింది.

స్వాతంత్ర్యానంతరం 1949లో కేంద్ర మంత్రివర్గానికి సాంఖ్యక సలహాదారుగా, జాతీయాదాయ సంఘానికి అధ్యక్షుడిగా నియమితుడయ్యాడు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే ఆరంభమైంది. దాని తొలి విడతలో 1,833 గ్రామాలను పరిశీలించారు. 1951లో కేంద్ర గణాంక సంస్థ ఏర్పడింది. 1947 నుంచి 1951 వరకు ఐక్యరాజ్యసమితి నమూనా సర్వేల ఉపసంఘానికి ఆయనే అధ్యక్షుడు.

అంతర్జాతీయ శిక్షణ కేంద్రం

1950లో కలకత్తాలో ఇంటర్నేషనల్ స్టాటిస్టికల్ ఎడ్యుకేషన్ సెంటర్ ప్రారంభమైంది. అంతర్జాతీయ సాంఖ్యక సంస్థ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కలిసి యునెస్కో, భారత ప్రభుత్వాల ఆధ్వర్యంలో దీనిని నెలకొల్పాయి. ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రభుత్వోద్యోగులు, అధ్యాపకులు, పరిశోధకులు ఇక్కడికి వచ్చి సర్వేల నిర్వహణ, విశ్లేషణ నేర్చుకున్నారు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలకు తమ జనాభా, పంటలు, ఆదాయం గురించి సొంత లెక్కలు అవసరమైన సమయంలో ఈ కేంద్రం వారికి ఉపయోగపడింది.

సంస్థలోని శిక్షణార్థులకు ప్రపంచ ప్రసిద్ధుల పరిచయం కూడా లభించేది. ఫిషర్ అనేక పర్యాయాలు వచ్చాడు. నార్బర్ట్ వీనర్, కొల్మొగొరోవ్, రాగ్నార్ ఫ్రిష్, ఆస్కార్ లాంగే వంటివారు సంస్థను సందర్శించారు. పరిశ్రమలలో నాణ్యతా నియంత్రణకు ఆద్యుడైన వాల్టర్ షూహార్ట్ 1947-48లో భారతదేశానికి రావడంతో ఆ రంగంలోనూ శిక్షణకు పునాది పడింది. 1950ల మధ్యలో సంస్థ ఇంగ్లండు నుంచి ఒక కంప్యూటరును తెప్పించింది. భారతదేశంలో నెలకొల్పిన తొలి డిజిటల్ కంప్యూటరు ఇదే.

1959లో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా సంస్థకు జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా గుర్తింపు, పట్టాలు ఇచ్చే అధికారం లభించాయి. 1960 నుంచి బి.స్టాట్., ఎం.స్టాట్. కోర్సులు ప్రారంభమయ్యాయి. బి.స్టాట్. విద్యార్థులకు గణితంతో పాటు ప్రకృతి శాస్త్రాలు కూడా బోధించాలన్న నిర్ణయంలో, 1957లో సంస్థలో చేరిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ పాత్ర ఉంది.

ప్రణాళికా రచన, విమర్శలు

జవహర్‌లాల్ నెహ్రూ కోరికపై మహలనోబిస్ రెండవ పంచవర్ష ప్రణాళిక (1956-61) ముసాయిదాను రూపొందించాడు. యంత్రాలను తయారుచేసే భారీ పరిశ్రమలలో ముందుగా ఎక్కువ పెట్టుబడి పెడితే, దీర్ఘకాలంలో దేశపు ఉత్పత్తి శక్తి వేగంగా పెరుగుతుందన్నది దాని సారాంశం. 1955 నుంచి 1967 వరకు ప్రణాళికా సంఘంలో పనిచేశాడు.

ఈ నమూనా వ్యవసాయాన్ని, నిత్యావసర వస్తువుల ఉత్పత్తిని చిన్నచూపు చూసిందని, విదేశీ మారక ద్రవ్యం కొరతను ముందుగా అంచనా వేయలేదని విమర్శలు వచ్చాయి. ఆర్థికవేత్త బి.ఆర్.షెనాయ్ 1955లోనే తన అసమ్మతిని లిఖితపూర్వకంగా తెలియజేశాడు. సంస్థ పాలనలో కూడా అధికారమంతా మహలనోబిస్ చేతిలోనే ఉండడం విమర్శలకు గురైంది. ఆయనతో అభిప్రాయభేదాల వలన హాల్డేన్ 1961లో సంస్థను విడిచిపెట్టాడు.

వ్యక్తిగత జీవితం

1923లో మహలనోబిస్ సిటీ కళాశాల ప్రిన్సిపాలు హేరంబ చంద్ర మైత్ర కుమార్తె నిర్మల కుమారిని వివాహమాడాడు. ఆమెను రాణి అని పిలిచేవారు. వధువు తండ్రి ఈ వివాహానికి అంగీకరించకపోవడంతో, వరుని మేనమామ నీలరతన్ సర్కార్ ఆయన స్థానంలో నిలిచి పెళ్ళి జరిపించాడు. ఈ దంపతులు రవీంద్రనాథ్ ఠాగూరుకు అత్యంత సన్నిహితులు. మహలనోబిస్ సుమారు పదేళ్ళు విశ్వభారతి కార్యదర్శులలో ఒకడిగా పనిచేశాడు.

పురస్కారాలు, గౌరవాలు

1944 - ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు వెల్డన్ స్మారక బహుమతి
1945 - లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం
1950 - భారత సైన్స్ కాంగ్రెసు అధ్యక్షత
1958 - సోవియట్ విజ్ఞాన శాస్త్ర అకాడమీ విదేశీ సభ్యత్వం
1968 - భారత ప్రభుత్వ పద్మవిభూషణ్ పురస్కారం

మరణం, స్మృతి

శిక్షణ, పరిశోధన, సర్వే ఒకే చోట సాగాలన్న మహలనోబిస్ ఆశయానికి ఆయన చివరి సంవత్సరాలలో మార్పు వచ్చింది. 1970లో నేషనల్ శాంపిల్ సర్వే పునర్వ్యవస్థీకరణ జరిగి, ఆ తరువాత సర్వే బాధ్యతలు సంస్థ నుంచి ప్రభుత్వ శాఖకు చేరాయి. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక రోజు ముందు, ఆయన కలకత్తాలో మరణించాడు. చివరి వరకు సంస్థ బాధ్యతలలోనే ఉన్నాడు. ఆయన తరువాత సంస్థ నాయకత్వం సి.ఆర్.రావుకు వచ్చింది.

1993లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన పేరిట తపాలా బిళ్ళను విడుదల చేసింది. 2007 నుంచి ఆయన జన్మదినమైన జూన్ 29ని దేశమంతటా జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. ఆయన ప్రారంభించిన సర్వేల బాధ్యత 2019లో కేంద్ర గణాంక సంస్థతో విలీనమై ఏర్పడిన జాతీయ గణాంక కార్యాలయానికి సంక్రమించింది. 238 రూపాయల ఖర్చుతో ఒక గదిలో మొదలైన సంస్థకు కోల్‌కతాతో పాటు ఢిల్లీ, బెంగుళూరు, చెన్నై, తేజ్‌పూర్‌లలో కూడా విద్యాకేంద్రాలు ఏర్పడ్డాయి.